మగవాళ్ళ ఛాతీకి ఫ్యాట్ ఫ్రీజింగ్: రెండేళ్ళు దాటాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, కోత లేకుండా మెషిన్‌తో చల్లబరిచి కొవ్వు తగ్గించే ఈ ఫ్యాట్ ఫ్రీజింగ్ నా కుడి ఛాతీకి బాగానే పనిచేసింది. ఎడమ ఛాతీకి అస్సలు పనిచేయలేదు, పైగా చేయించుకోక ముందుకంటే ఇప్పుడే ఎక్కువ కనిపిస్తోంది. మనిషిని ఒక్కణ్ణే, మెషిన్ ఒకటే, రెండు వైపులా ఒకేరోజు చేశారు. తేడా ఎక్కడొచ్చిందంటే, కుడివైపు ఉన్నది ఉత్త కొవ్వు, ఎడమవైపు చనుమొన వెనకాల రొమ్ము గ్రంథి ఉంది. ఈ ముక్క ముందే తెలుసుకోవడానికి రెండు వేళ్ళు, ఒక చిన్న స్కాన్ చాలు. డబ్బు కట్టించుకునే ముందు ఆ పని క్లినిక్‌లో ఒక్కరంటే ఒక్కరు చేయలేదు. ఇన్నాళ్ళైనా నా కోపం తగ్గనిది దీని మీదే, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా.

ఛాతీ పెద్దగా ఉన్న మగాడి ఇబ్బంది ఏంటో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. బైక్ మీద వెళ్తుంటే ఎదురుగాలికి టీషర్ట్ ఒంటికి అతుక్కుపోతుందని ల్యాప్‌టాప్ బ్యాగ్ ముందుకి తగిలించుకోవడం, సిగ్నల్ దగ్గర ఆగగానే టీషర్ట్‌ని పట్టి లాగి వదలడం, మే నెల ఎండలో కూడా షర్ట్ కింద బిగుతు బనీను. శ్రీశైలంలో స్పర్శ దర్శనానికి షర్ట్ తీసేసి పంచె, కండువాతోనే వెళ్ళాలి కదా, అమ్మ ఎంత బతిమాలినా మామూలు దర్శనం చాలులే అని తప్పించుకునేవాణ్ణి.

మరి సర్జరీ చేయించుకోవచ్చుగా అంటారు. నాకు కెలాయిడ్ సమస్య ఉంది. చిన్నప్పుడు భుజం మీద సెగగడ్డ కోసిన చోట మచ్చ మానకపోగా ఉబ్బి, కోత కంటే పెద్దదై, చెమట పడితే ఇప్పటికీ దురద పెడుతుంది. కెలాయిడ్లు బాగా వచ్చే చోట్లలో భుజం, ఛాతీ ముందుంటాయి. అలాంటి ఒళ్ళున్నవాడికి కోత లేదు, కుట్లు లేవు అంటే ఎంత ఆశ పుడుతుందో ఆలోచించండి. నా రివ్యూ చదివేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎందుకంటే కెలాయిడ్ లేనివాళ్ళ లెక్క వేరు.

క్లినిక్ హైదరాబాద్‌లోనే, పేరు అనవసరం. డాక్టర్ కంటే ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టింది, ట్యాబ్‌లో ముందు-తర్వాత ఫోటోలు, ప్యాకేజీ, ఈఎంఐ, అన్నీ చకచకా అయిపోయాయి. నేను అడిగా కూడా, గైనకోమాస్టియా అంటారు కదా, మగవాళ్ళకి రొమ్ము గ్రంథి పెరగడం, అదేమన్నా ఉందేమో చూస్తారా అని. "అదేం ఉండదు సర్, మీది ఫ్యాటే, చూస్తేనే తెలుస్తోంది" అంది. తర్వాత వచ్చిన డాక్టర్ నన్ను నిలబెట్టి, పెన్నుతో గీతలు గీసి, ఫోటోలు తీసుకుని వెళ్ళిపోయాడు. పడుకోబెట్టి చేత్తో నొక్కి చూడలేదు. ఏ మందులు వాడుతున్నానో, ఎప్పట్నుంచి ఉందో, నొప్పి ఉందో లేదో ఏమీ అడగలేదు.

ట్రీట్‌మెంట్ సంగతి క్లుప్తంగా. జెల్ ప్యాడ్ వేసి మెషిన్ కప్పు పెడతారు, అది కొవ్వుని లోపలికి లాగి చల్లబరుస్తుంది. మొదటి పది నిమిషాలు సలపరం, ఆ తర్వాత తిమ్మిరెక్కి ఏమీ తెలీదు. కప్పు తీసినప్పుడు ఆ భాగం ఫ్రీజర్‌లోంచి తీసిన వెన్నముద్దలా గట్టిగా నిలబడి ఉంటుంది, దాన్ని వెంటనే పిసుకుతారు, అసలు నొప్పి అప్పుడే. నాకు ఇంకో రకం నొప్పి కూడా వచ్చింది, నాలుగైదు రోజులు పోయాక రాత్రిళ్ళు కరెంటు కొట్టినట్టు చురుక్కు చురుక్కుమనేది, ఇది కొందరికి వస్తుందని తర్వాత తెలిసింది. తిమ్మిరి మాత్రం వారాలు ఉంది, బనీను తగులుతున్నా తగలనట్టే. ఇవన్నీ తగ్గిపోయేవే, వాటి గురించి నాకు ఫిర్యాదు లేదు.

మూడో నెలకి కుడివైపు నిజంగా తేడా తెలిసింది. చంక పక్కన మడత పడే కొవ్వు, బనీను అంచు దగ్గర బయటికి పొడుచుకొచ్చేది, అది బాగా తగ్గింది. ఆ సంతోషంలో ఆఫీసులో ఇద్దరికి చెప్పా, మా బావమరిదికి కూడా చెప్పా, బ్రహ్మాండంగా ఉంది చేయించుకో అని. చంక పక్క కొవ్వు వరకు ఆ మాట ఇప్పటికీ నిజమే. కాకపోతే తర్వాత పాప పుట్టడం, నిద్రలేని రాత్రులు, వేళాపాళా లేని తిండి, నాలుగు కిలోలు పెరిగా, కుడివైపు కూడా కొంచెం వెనక్కొచ్చింది. పోయిన కణాలు పోయాయి గానీ మిగిలిన కణాలు ఉబ్బుతాయి కదా. కాబట్టి "బ్రహ్మాండం" అన్నది ఇప్పుడు "ఫర్వాలేదు" దగ్గరికి వచ్చింది.

ఇక ఎడమవైపు. రెండో సెషన్ కూడా అయ్యాక ఒకరోజు స్నానం చేసి అద్దం ముందు పక్కకి తిరిగి చూసుకుంటే, చుట్టూ ఉన్న కొవ్వు పల్చబడి, మధ్యలో చనుమొన మాత్రం గుండ్రంగా ముందుకి పొడుచుకుని ఉంది. ఇంతకుముందు మొత్తం ఛాతీ మెత్తగా ఒకే వంపులో ఉండేది, ఇప్పుడు మధ్యలో ఒక బొడిపె. పల్చటి కాటన్ షర్ట్ వేస్తే ఒకవైపే కనిపిస్తుంది, అది ఇంకా ఇబ్బంది. క్లినిక్‌కి వెళ్తే ఏమన్నారో తెలుసా, "ఎడమవైపు కొంచెం మొండి ఫ్యాట్ సర్, సగం రేటుకి ఇంకో సెషన్ చేద్దాం" అన్నారు. అప్పుడు కూడా చెయ్యి పెట్టి చూడలేదు.

ఆ సగం రేటు మాటతో విసుగొచ్చి ఒక ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్ళా. ఆయన వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ తల కింద పెట్టుకోమన్నాడు. బొటనవేలు, చూపుడువేలు చనుమొనకి అటూ ఇటూ దూరంగా పెట్టి మెల్లగా దగ్గరికి తెచ్చాడు. కుడివైపు వేళ్ళు దేనికీ అడ్డం తగలకుండా చనుమొన దాకా వచ్చేశాయి. ఎడమవైపు మధ్యలోనే ఆగిపోయాయి, సరిగ్గా చనుమొన కింద ఒక బిళ్ళ, గట్టిగా, అటూ ఇటూ కదులుతోంది. "మీరే పట్టుకుని చూడండి" అని నా చెయ్యి తీసుకెళ్ళి పెట్టాడు. "ఇది కొవ్వు కాదండీ, గ్లాండ్. దీన్ని ఎన్నిసార్లు ఫ్రీజ్ చేసినా ఇలాగే ఉంటుంది." మొత్తం కలిపి నిమిషం కూడా పట్టలేదు. నేను లక్ష పైన కట్టిన చోట ఆ నిమిషం దొరకలేదు.

తర్వాత అల్ట్రాసౌండ్ రాశాడు. ఒకవైపే గట్టిగా తగిలితే స్కాన్ తప్పకుండా చూడాలట, ఎందుకంటే అరుదే అయినా మగవాళ్ళకీ రొమ్ము క్యాన్సర్ వస్తుంది, అదేం లేదని తేల్చుకోవాలి. ఆ మాట విన్నప్పట్నుంచి రిపోర్ట్ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ చెప్పకుండా నేను పడ్డ టెన్షన్ నాకే తెలుసు. రిపోర్ట్‌లో ఎడమవైపు గ్లాండ్ టిష్యూ, కుడివైపు కొవ్వు మాత్రమే అని వచ్చింది, భయపడాల్సింది ఏమీ లేదు. ఆయన ఇంకా చాలా అడిగాడు, జుట్టు ఊడకుండా ఫినాస్టెరైడ్ లాంటివి వేసుకుంటున్నావా, జిమ్‌లో స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఏమన్నా, మందు అలవాటు, లివర్, థైరాయిడ్, వృషణాల్లో గడ్డలేమన్నా తగిలాయా. హార్మోన్ల రక్తపరీక్షలూ చేయించాడు. నావి అన్నీ నార్మల్, చాలామందికి కారణం దొరకదట. కొత్తగా వచ్చినప్పుడైతే టామాక్సిఫెన్ లాంటి మందులు కొందరికి పనిచేస్తాయట గానీ ఏడాది దాటితే గ్రంథి గట్టిపడిపోయి మందులకి పెద్దగా లొంగదట. నాది కాలేజీ రోజుల నుంచి ఉంది, ఇక ఆ దారి లేదు.

చల్లదనానికి మిగతా వాటికంటే ముందు దెబ్బతినేది కొవ్వు కణం, ఈ ట్రీట్‌మెంట్ మొత్తం ఆ ఒక్క తేడా మీదే నడుస్తుంది. అందుకే చర్మం బాగుంటుంది, లోపలి కొవ్వు పోతుంది. ఆ లెక్కనే గ్రంథి కూడా బాగుంటుంది, అదెక్కడికీ పోదు. ఇంత సూటిగా ఉన్న విషయం మెషిన్ నడిపేవాళ్ళకి తెలీదంటే నేను నమ్మను.

తర్వాత కూర్చుని చదివా. ఈ పద్ధతిలో బాగా పేరున్న కూల్‌స్కల్ప్టింగ్ మెషిన్‌కి అమెరికా ఎఫ్‌డీఏ 2010లో నడుం పక్కల కొవ్వుకి అనుమతిచ్చింది, ఆ తర్వాత పొట్ట, తొడలు, గడ్డం కింద, వీపు, జబ్బలు అలా పెంచుకుంటూ వెళ్ళింది. ఆ జాబితాలో మగవాళ్ళ ఛాతీ లేదు. డాక్టర్లు తమ బాధ్యత మీద చేస్తున్నారన్నమాట, అది తప్పని అనను గానీ ఆ మాట ముందే చెప్పాలి. 2015లో మగవాళ్ళ ఛాతీ మీదే చేసిన ఒక స్టడీ కూడా దొరికింది, 21 మంది, అందరూ కొవ్వు కేసులే, అరవై రోజుల తేడాతో రెండు విడతలు. ఎక్కువమంది బాగుందనే చెప్పారు. అల్ట్రాసౌండ్‌లో కొవ్వు పొర సగటున తగ్గింది 1.6 మిల్లీమీటర్లు. పెద్ద ఛాతీని చదును చేసే సంఖ్య కాదది. ఛాతీ కొంచెం మెత్తగా ఉండి, బరువు అదుపులో ఉన్నవాడికి కనిపించే తేడా అంతే.

ఇంకోటి, అరుదుగా కొందరికి కొవ్వు తగ్గకపోగా కప్పు పెట్టిన ఆకారంలోనే గట్టిగా పెరుగుతుంది. 2021లో మోడల్ లిండా ఎవాంజెలిస్టా తనకి అలా అయిందని బయటపెట్టింది. ఇది ఆడవాళ్ళకంటే మగవాళ్ళకి ఎక్కువగా వస్తున్నట్టు కనిపిస్తోంది, వస్తే మళ్ళీ లైపోసక్షన్ (గొట్టంతో కొవ్వు లాగేయడం) లాంటి సర్జరీయే దారి. సర్జరీ వద్దనుకునే కదా మనం ఇక్కడికొచ్చేది. నాకు రాలేదు, కానీ సంతకం పెట్టించుకున్న ఫారంలో చిన్న అక్షరాల్లో ఉన్న ఈ విషయాన్ని ఎవరూ నోటితో చెప్పలేదు.

మరి చేయించుకోవచ్చా? స్కాన్‌లో గ్రంథి లేదని తేలి, వదులు చర్మం లేకుండా, బరువు కొంతకాలంగా ఒకేచోట ఉండి, నాలాగా కోత పెడితే మచ్చ పెరిగే ఒళ్ళైతే, డబ్బుకి ఇబ్బంది లేకపోతే చేయించుకోండి, నా కుడివైపు చూసి చెప్తున్నా. గ్రంథి ఉంటే మాత్రం వద్దు, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా వద్దు. ఛాతీ బాగా పెద్దదై కిందికి జారినవాళ్ళకి కూడా దీనితో ఒరిగేదేమీ ఉండదని నా అభిప్రాయం. పదిహేను, పదహారేళ్ళ పిల్లలకైతే అసలు తొందరపడకండి, ఆ వయసులో వచ్చేది చాలావరకు ఏడాది రెండేళ్ళలో దానంతటదే తగ్గుతుంది, ముందు పిల్లల డాక్టర్‌కి గానీ హార్మోన్ల డాక్టర్‌కి (ఎండోక్రైనాలజిస్ట్) గానీ చూపించండి.

నా ఎడమవైపు ఇంకా అలాగే ఉంది. చనుమొన చుట్టూ ఉండే నల్లటి వలయం కింది అంచున చిన్న కోత పెట్టి గ్రంథి తీస్తారట, అక్కడ మచ్చ కెలాయిడ్ అవ్వడం తక్కువే అని సర్జన్ అంటాడు, అవ్వదని మాత్రం రాసివ్వలేనన్నాడు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. ముందు భుజం మీద కెలాయిడ్‌కి ఇంజెక్షన్లు చేయించుకుని అది ఎలా స్పందిస్తుందో చూసి అప్పుడు డేట్ తీసుకుందాం అనుకున్నాం. కెలాయిడ్ ఒళ్ళు ఉండి కూడా గ్రంథి తీయించుకున్నవాళ్ళు ఎవరైనా ఉంటే, ఏడాది దాటాక మచ్చ ఎలా ఉందో చెప్పండి, నాకు ఇప్పుడు కావాల్సిన సమాచారం అదే.