మా బాబు, ట్యాబ్: నాలుగేళ్ల తర్వాత

2021లో 8 అంగుళాల ట్యాబ్ కొన్నాం. అప్పుడు బాబుకి ఏడాదిన్నర, ఇప్పుడు ఐదున్నర. వస్తువుకి వంక పెట్టలేను. రెండుసార్లు కిందపడినా అద్దం పగల్లేదు, చార్జింగ్ ఇంకా ఒక రోజు ఆగుతుంది. అది మా బాబుకి ఏం చేసిందో మాత్రం చెప్పాలి.

మొదట్లో అన్నం తినిపించడానికే వాడాం. రైమ్స్ పెడితే పావుగంటలో గిన్నె ఖాళీ అయ్యేది. రెండేళ్లు దాటేసరికి ఇంగ్లీషులో రంగులు, 20 వరకు అంకెలు చెబుతుంటే మురిసిపోయాం. ఒకరోజు వంటింట్లో టమాటా చూపించి "ఇదేం కలర్ నాన్నా?" అంటే తెల్లముఖం వేశాడు. స్క్రీన్ మీద రెడ్ తెలుసు, చేతిలో ఉన్నది రెడ్ అని తెలియదు. దాహమేస్తే "నీళ్లు" అనడు, నా చెయ్యి పట్టుకుని బిందె దగ్గరికి లాక్కెళ్తాడు.

టెన్షన్‌తో పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లాం. చెవులు బాగానే ఉన్నాయన్నారు. "ఇంట్లో వీడితో ఎంతసేపు మాట్లాడతారమ్మా?" అని అడిగారు. లెక్కేసుకుంటే ఏడుపొచ్చింది. తర్వాత ఒక పరిశోధన గురించి చదివాను. 2003లో అమెరికాలో పాట్రీషియా కూల్ బృందం 9 నెలల పిల్లలకి చైనా వాళ్ల మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడిస్తూ మాట్లాడితే ఆ ధ్వనులు పట్టుకున్నారు, వీడియోలో చూపిస్తే పట్టుకోలేదు. మా టమాటా సంగతి అప్పుడర్థమైంది.

తినేటప్పుడు ట్యాబ్ పూర్తిగా ఆపేశాం. నాలుగు రోజులు సరిగ్గా తినలేదు, ఐదో రోజు అడిగి తిన్నాడు. 2 నుంచి 4 ఏళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మేము అరగంటకి తెచ్చాం. టైమ్ అవగానే లాక్ పడే సెట్టింగ్ మాకు పనికిరాలేదు, కథ మధ్యలో ఆగితే ఇల్లు అదిరిపోయేలా ఏడ్చేవాడు. ఆటోప్లే తీసేసి, రెండు కథలే డౌన్‌లోడ్ చేసి పక్కన కూర్చుంటే, అయిపోగానే తనే ఇచ్చేస్తాడు.

ఆర్నెల్లకి మాటలు వరసగా వచ్చాయి. వయసుతో వచ్చినవీ ఉంటాయి, అంతా ట్యాబ్ మానడం వల్లేనని అనను. కానీ రెండేళ్లలోపు పిల్లలకి మాత్రం దయచేసి కొనకండి.

వీడియో కాల్ ఒక్కటే అప్పుడూ ఇప్పుడూ మానలేదు. తెనాలి నుంచి వాళ్ల అమ్మమ్మ "ఏం కూర తిన్నావురా?" అంటుంది. వీడు వంటింట్లోకి పరిగెత్తి గిన్నె తెచ్చి చూపిస్తాడు.