బాల్యానుభవాలపై ఒక ఆన్‌లైన్ కోర్సు: పాఠాలు మేలు, అభ్యాస పుస్తకం చేటు

అచేతన మనస్సు, బాల్యానుభవాలు పెద్దయ్యాక మన భావోద్వేగాలను ఎలా మలుస్తాయో వివరించే ఒక ఆన్‌లైన్ కోర్సును ఇటీవల పూర్తి చేశాను. వీడియో పాఠాలతో పాటు ఒక అభ్యాస పుస్తకం ఇస్తారు. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధంగా ఉండడమే నా ప్రధాన అభ్యంతరం.

పాఠాలు అచేతన మనస్సు సిద్ధాంతానికి పేరుపొందిన ఫ్రాయిడ్‌తో మొదలైనా అక్కడే ఆగిపోవు. జ్ఞాపకశక్తి దెబ్బతిన్న ఒక రోగితో కరచాలనం చేస్తూ స్విస్ మనస్తత్వవేత్త క్లాపరేడ్ సూదితో గుచ్చారని, తరువాత ఆ సంఘటన ఆమెకు గుర్తులేకపోయినా చెయ్యి అందించడానికి నిరాకరించిందని 1911 నాటి వ్యాసాన్ని ఆధారంగా చేసుకుని చెప్పిన పాఠం అన్నింటిలోకీ ఉత్తమమైనది. మొదటి రెండు మూడేళ్లలో, సంఘటనలను జ్ఞాపకాలుగా నిలిపే మెదడు భాగమైన హిప్పోక్యాంపస్ ఇంకా ఎదుగుతూ ఉండడం వల్ల ఆనాటి సంఘటనలు జ్ఞాపకాలుగా మిగలవు గానీ, ఏడిస్తే ఎవరైనా వస్తారా రారా అన్న అంచనా మాత్రం అలవాటుగా స్థిరపడుతుందని అక్కడి నుంచి చక్కగా అల్లుకుంటూ వచ్చారు.

మనస్తత్వవేత్త మేరీ ఐన్స్‌వర్త్ ప్రయోగాన్నీ అంతే శ్రద్ధగా వివరించారు. ఏడాది వయసు పిల్లలను తల్లి కొద్దిసేపు వదిలి వెళ్లినప్పుడు వారు ఏడ్చారా లేదా అన్నదానికన్నా, ఆమె తిరిగి వచ్చినప్పుడు ఎలా ప్రవర్తించారన్నదే అందులో కీలకం. తల్లిని పట్టించుకోనట్టు ఆటలో మునిగిన పిల్లలకూ లోలోపల గుండె వేగం పెరిగి ఉంటుందన్న పరిశీలన విన్నాక, ప్రతిదానికీ "నాకేం ఫర్వాలేదు" అనే పెద్దవాళ్లు కొందరు వెంటనే గుర్తుకొచ్చారు. (వారిలో ఎవరికీ ఆ మాట చెప్పలేదు.)

అభ్యాస పుస్తకం మాత్రం, కళ్లు మూసుకుని మూడేళ్ల లోపు తగిలిన మొదటి మానసిక గాయాన్ని గుర్తు తెచ్చుకోమంటుంది. ఆ వయసు సంఘటనలు గుర్తుండవని పాఠంలో చెప్పి, వాటినే తవ్వి తీయమనడం ఏమిటి? ఇది కేవలం పొరపాటు కాదు, ప్రమాదం కూడా. చిన్నప్పుడు దుకాణాల సముదాయంలో తప్పిపోయారన్న కల్పిత కథను పాల్గొన్నవారిలో సుమారు నాలుగో వంతు మంది కొంతవరకైనా నమ్మారని మనస్తత్వవేత్త ఎలిజబెత్ లోఫ్టస్ 1995లోనే చూపించారు. దగ్గరివారి నుంచి జవాబు ఆలస్యమైనప్పుడు ఒంట్లో, మనసులో ఏం జరుగుతుందో రాసుకోమనే చివరి అభ్యాసం ఒక్కటే నిజంగా పనికొచ్చేది.

కఠినమైన బాల్యం గడిపినవారు కూడా తరువాతి సంబంధాల వల్ల భద్రతాభావాన్ని సంపాదించుకోగలరన్న విషయాన్ని రెండు వాక్యాలతో సరిపెట్టారు. పుట్టుకతో వచ్చే స్వభావం ప్రస్తావన అసలే లేదు. దాంతో అన్నింటికీ తల్లిదండ్రులదే బాధ్యత అన్న భావన వినేవారిలో మిగిలిపోతుంది.

విషయం తెలుసుకోవాలనుకునేవారు పాఠాల కోసం నిస్సంకోచంగా చేరవచ్చు. తీవ్రమైన మానసిక గాయాలు ఉన్నవారు పుస్తకం జోలికి పోకుండా నిపుణులను కలవడం మంచిది. చివర్లో ఇచ్చే సర్టిఫికెట్ కౌన్సెలింగ్ చేయడానికి అర్హత కాదు కనుక ఆ ఆశతో ఎవరూ చేరవద్దు.