హోటల్ కిచెన్లో జారిపడకుండా ఉండాలంటే: రబ్బర్ మ్యాట్లా, బూట్లా, టైల్సా?

పోయిన వేసవిలో మా సప్లయర్ కుర్రాడు సాంబార్ బకెట్‌తో సహా జారిపడ్డాడు, ఆ తర్వాత మేం కిచెన్లో అందరికీ బూట్లు కొన్నాం. ఇక అప్పట్నుంచి తెలిసిన హోటల్ వాళ్లందరిదీ ఒకటే ప్రశ్న, నాలుగు మ్యాట్లు పడేస్తే పోయేది కదా, మనిషికో జత బూట్లెందుకు దండగ అని. కొత్తగా టిఫిన్ సెంటర్ పెట్టిన మా బావమరిది అయితే ఏకంగా టైల్స్ పీకేద్దాం బావా అంటున్నాడు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది, అందుకని ఒకేసారి రాసేస్తున్నా.

ముందు టైల్స్ సంగతి తేల్చేస్తా. కిచెన్ కొత్తగా కట్టుకుంటుంటే మాత్రం పట్టుండే టైల్సే వేయించుకోండి. షాపులో ఆర్ నంబర్ అడగండి, ఆర్9 నుంచి ఆర్13 దాకా ఉంటాయి, నూనె పోసిన ఏటవాలు మీద మనిషిని నడిపించి చూసి ఇచ్చే నంబర్లవి, నంబర్ పెరిగే కొద్దీ జారుడు తగ్గుతుంది. కిచెన్‌కి ఆర్11 అయినా ఉంటే మంచిది. హాల్లో వేసే నున్నటి విట్రిఫైడ్ టైలే మిగిలిందని కిచెన్లో కూడా వేయించేస్తారు చూడండి, వాళ్లకి దండం పెట్టాలి. కానీ నడుస్తున్న హోటల్ మూసేసి ఫ్లోర్ తవ్వించడం అందరి వల్లా అయ్యే పని కాదు, పైగా గరుకు టైల్‌ని బ్రష్ పెట్టి తోమకపోతే ఆ గరుకులోనే జిడ్డు పేరుకుపోయి అది కూడా జారుడుబండే అవుతుంది.

ఇక మ్యాట్లు. పెద్ద పెద్ద చిల్లులుండే నల్ల రబ్బర్ మ్యాట్లు తెలుసు కదా, మేం రెండేళ్లు వాడాం, కాబట్టి ఊరికే తీసిపారేయను. పెనం ముందు పొద్దున్న ఐదింటి నుంచి నిలబడే దోసె మాస్టర్‌కి కాళ్లకీ నడుముకీ చాలా తేడా తెలుస్తుంది, గిన్నెలు కడిగే చోట నీళ్లన్నీ చిల్లుల్లోంచి కిందికి దిగిపోతాయి. గొడవల్లా రాత్రి పూటే. తడిస్తే మహా బరువు, రోజూ ఎత్తి, కింద కడిగి, ఆరబెట్టి మళ్లీ వేయాలి. మొదటి నెల చేశారు, తర్వాత క్లీనర్ ఊరెళ్లాడు, వచ్చాక ఒకరోజు నేనే ఎత్తి చూస్తే కింద దోసెపిండీ, నూనే, ఉల్లిపాయ తొక్కలూ కలిసిపోయి ఒక పొర కట్టేసింది, మ్యాటే దాని మీద జారుతోంది! మామూలు రబ్బర్ నూనెకి ఉబ్బి అంచులు పైకి లేస్తాయి, చేతిలో బకెట్ ఉన్నవాడికి అది తట్టుకుందంటే చెప్పేదేముంది. నూనెకి తట్టుకునే నైట్రైల్ రకం ఉంది గానీ రేటు ఎక్కువ. ఇంకోటి, కిచెన్ నుంచి హాల్ దాకా దారంతా మ్యాట్ పరవలేం, మావాడు పడింది సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే.

కానీ నన్ను బూట్ల వైపు తిప్పింది ఇవేవీ కాదు. పడినందుకు వాడికి మోచెయ్యి కొట్టుకుపోయింది అంతే. దెబ్బ తగిలింది పాదానికి, ఎందుకంటే కాళ్లకి ఉన్నవి హవాయి చెప్పులు, సాంబార్ అంతా పాదాల మీదే పడింది. (మాస్టర్ టూత్‌పేస్ట్ పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, వద్దని కుళాయి కింద పెట్టించా. 20 నిమిషాలు మామూలు నీళ్లు పారాలి, ఐస్ కూడా పెట్టకూడదు.) ఎవరూ జారకపోయినా వేడివి ఒలుకుతాయి, బకెట్ చెవి ఊడుతుంది, వెనక నుంచి ఎవడో తగులుతాడు, వడలు వేస్తుంటే బాండీ కదులుతుంది. మ్యాట్ జారకుండా ఆపుతుందేమో గానీ ఒలికినదాన్ని ఆపదు. బూటు అయితే ఆ రెండూ చూసుకుంటుంది, పైగా మనిషి ఎటెళ్తే అటే వస్తుంది.

అలాగని ఏ బూటైనా పర్లేదనుకోకండి. కాన్వాస్ షూ అస్సలొద్దు, వేడి నూనెని పీల్చుకుని చర్మానికి అతుక్కుని ఉండిపోతుంది. మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు కడిగే చోటికి ఓకే గానీ పొయ్యి దగ్గర ప్రమాదం, పైనుంచి వేడిది లోపల పడితే బయటికి పోదు, గబుక్కున ఊడి రాదు. లేసులున్నవీ అంతే. మాకు నచ్చినవి పైన చిల్లుల్లేకుండా మూసేసి, నీళ్లు పీల్చని మెటీరియల్‌తో, కాలు విదిలిస్తే ఊడొచ్చే రకం. ప్యాంటు బూటు మీదకే ఉండాలి, లోపలికి దోపకూడదు. అట్ట పెట్టె మీద ఎస్ఆర్‌సి అనో, కొత్తవాటి మీద ఎస్ఆర్ అనో ఉందేమో చూడండి, సబ్బునీళ్ల టైల్ మీదా, గ్లిజరిన్ పూసిన నేల మీదా జారుడు పరీక్ష చేసినవి.

"మూణ్ణెల్లకి మానేసి పోయే కుర్రాళ్లకి బూట్లేంటి" అంటారు. మాకూ ముగ్గురు బూట్లేసుకునే వెళ్లిపోయారు, పోతే పోయాయి. జీతంలో మాత్రం కోయకండి, కోస్తే రెండో రోజే మళ్లీ చెప్పులతో వస్తారు. చెమట, వాసన నిజమే, మనిషికి రెండు జతల కాటన్ సాక్స్ ఇచ్చాం. అన్నట్టు 10 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే ఈఎస్ఐ (పనివాళ్ల బీమా) కట్టండి బాబూ, మావాడు ఇంట్లో ఉన్నన్నాళ్లూ జీతంలో 90 శాతం అక్కడి నుంచే వచ్చింది.

నేలకి అంటించే గరుకు టేపులు వేడినీళ్లకి నెలలో ఊడతాయి. నూనె డబ్బాల అట్టముక్కలు పరిచే అలవాటు మనందరికీ ఉంది, మానేయాలి, తడిస్తే అవే జారతాయి. 'తడి నేల, జాగ్రత్త' అని పెట్టే పసుపుపచ్చ బోర్డు హాల్లో కస్టమర్లకి, కిచెన్లో దాన్ని చూసే తీరికెవరికి.

ఇప్పుడు మా దగ్గర అందరికీ బూట్లు, మ్యాట్లు రెండే రెండు, ఒకటి పెనం ముందు, ఒకటి సింక్ దగ్గర. రెండే కాబట్టి రోజూ ఎత్తుతున్నారు. రాత్రికి వేణ్నీళ్లు, వాషింగ్ సోడా, బ్రష్. హాల్ మాప్ కిచెన్లోకి రానివ్వం, జిడ్డు అంతా పులిమేస్తుంది. బూట్లు సాయంత్రం పూట కొలత చూసి కొనండి, పొద్దుటి నుంచి నిలబడి కాళ్లు కాస్త ఉబ్బి ఉంటాయి. 8, 9 సైజుల్లో తలో జత ఎక్స్‌ట్రా తెచ్చి పెట్టుకోండి, రేపు కొత్తగా చేరేవాడు చెప్పులతోనే వస్తాడు.