కొని తెచ్చుకోవడమా, పెంచుకోవడమా? 2025లో పర్డ్యూ ఫుట్‌బాల్‌కు ఏది మేలు?

వెస్ట్ లాఫయెట్‌లోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో చదువుకుని, ఉద్యోగాల పేరుతో ఇండియానాలోనే ఉండిపోయిన మా తెలుగు మిత్రులలో ఈ 2025 వేసవి అంతా ఒకే ప్రశ్న తిరుగుతోంది. కాలేజీ మారదలచిన ఆటగాళ్లు పేర్లు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ నుంచి ఒకేసారి యాభై మందికి పైగా ఆటగాళ్లను తెచ్చుకోవడం పర్డ్యూ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకు మేలు చేస్తుందా, లేక హైస్కూలు పిల్లలను చేర్చుకుని మూడు నాలుగేళ్లు ఓపికగా పెంచుకోవడమే సరైన దారా అని ఒకరి తరువాత ఒకరు అడుగుతున్నారు. ఆగస్టు 30న బాల్ స్టేట్‌తో మొదటి ఆట మొదలయ్యేలోగా నా అభిప్రాయాన్ని ఒకచోట రాసి పెడితే, ఆట మొదలయ్యాక అందరం తీరికగా చూడవచ్చుననిపించింది.

2024 సంగతి మళ్లీ వివరంగా చెప్పడం మనల్ని మనం హింసించుకోవడమే. ఇండియానా స్టేట్‌పై 49-0తో సీజన్ ఆరంభించిన జట్టు ఆ తరువాత పదకొండు ఆటలూ ఓడింది. మన రాస్-ఏడ్ స్టేడియంలో నోటర్ డామ్ చేతిలో 66-7, చివరి శనివారం ఇండియానా విశ్వవిద్యాలయం చేతిలో 66-0. ఆ మరునాడే కోచ్ రయన్ వాల్టర్స్‌ను తొలగించారు. రెండేళ్లలో ఆయన లెక్క 5 గెలుపులు, 19 ఓటములు. వారం తిరిగేసరికి లాస్ వేగస్‌లోని యూఎన్‌ఎల్‌వీ నుంచి బ్యారీ ఓడమ్ వచ్చారు. అంతకుముందు ఏడాది 5-7గా (5 గెలుపులు, 7 ఓటములు) ఉన్న జట్టును మొదటి సీజన్‌లోనే తొమ్మిది గెలుపులకు చేర్చిన మనిషి కాబట్టి, కూలిన ఇంటిని త్వరగా నిలబెట్టగలరన్న నమ్మకంతోనే ఆయనను పిలిచారు. ఆయన ఎంచుకున్న సాధనం పోర్టల్. ఇప్పుడు జట్టులో పాతవారి కంటే కొత్తవారే ఎక్కువ.

పోర్టల్ వైపు వాదన బలమైనదని ముందే ఒప్పుకుంటాను, ఎందుకంటే ఆ వాదనకు అతి పెద్ద రుజువు మనల్ని 66-0తో ఓడించిన జట్టే. 2023లో 3-9గా ఉన్న ఇండియానా, కోచ్ కర్ట్ సిగ్నెటి వచ్చిన మొదటి ఏడాదే 11-2కు ఎదిగి, పన్నెండు జట్లు జాతీయ టైటిల్ కోసం ఆడే తొలి ప్లేఆఫ్‌లో చోటు సంపాదించింది. అదే ఏడాది, అంతకుముందు 3-9గా ఉన్న ఆరిజోనా స్టేట్ బిగ్ 12 కాన్ఫరెన్స్ (లీగ్) విజేత అయింది. 2-10గా ఉన్న వాండర్‌బిల్ట్, డియేగో పావియా అనే బదిలీ క్వార్టర్‌బ్యాక్‌ను (బంతి విసిరి ఆట నడిపించేవాడిని) తెచ్చుకుని, నంబర్ వన్‌గా ఉన్న అలబామాను 40-35తో ఓడించింది. అట్టడుగున ఉన్న జట్టు ఒక్క ఏడాదిలో పైకి రావడమన్నది పదేళ్ల క్రితం ఊహకు అందేది కాదు. పర్డ్యూ కోచ్‌గా డారెల్ హేజెల్ నాలుగేళ్లలో 9 గెలిచి 33 ఓడిన రోజులను చూసినవాళ్లం మనం. అప్పట్లో ఓపిక పట్టడం తప్ప వేరే మార్గం లేదు, ఆ ఓపిక మనకు ఒరగబెట్టిందీ ఏమీ లేదు.

అయితే పోర్టల్‌లో మునిగినవాళ్లూ ఉన్నారు. 2023లో ఒక్క ఆట కూడా ఓడకుండా కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచిన ఫ్లోరిడా స్టేట్, వెళ్లిపోయినవారి స్థానాలను పోర్టల్‌తో నింపుకుని మరుసటి ఏడాది 2-10కి పడిపోయింది. కోచ్ డియోన్ సాండర్స్ కొలరాడో జట్టును దాదాపు మొత్తంగా మార్చివేసిన 2023లో తొలి మూడు ఆటలు గెలిచి దేశమంతటినీ తనవైపు తిప్పుకున్నారు కానీ, సీజన్ ముగిసేసరికి లెక్క 4-8. ఆ ఏడాది క్వార్టర్‌బ్యాక్ షెడ్యూర్ సాండర్స్ యాభై సార్లకు పైగా శాక్ అయ్యాడు (బంతి విసరకముందే నేలకూలాడు). క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసే ఆఫెన్సివ్ లైన్‌లోని ఐదుగురు విడివిడిగా ఎంత గట్టివారైనా, పక్కవాడు ఎటు కదులుతాడో చూడకుండానే తెలిసేటంతగా కలిసి ఆడకపోతే లైన్ లైన్‌గా నిలబడదు. వసంతంలో కలిసినవాళ్లకు ఆగస్టుకల్లా ఆ ఎరుక వస్తుందా అన్నదే పోర్టల్ జట్లన్నింటికీ ఎదురయ్యే ప్రశ్న.

ఇండియానాను ఉదాహరణగా చూపేవారు ఒక సంగతి మరచిపోతున్నారు. సిగ్నెటి వెంట జేమ్స్ మాడిసన్ నుంచి పదమూడు మంది ఆటగాళ్లు వచ్చారు. వాళ్లకు ఆ కోచ్ మాట, ఆ పద్ధతి, ఆ ప్రాక్టీసు వేగం ముందే తెలుసు; మిగతా కొత్తవారికి వాళ్లే నేర్పారు. అది సంతలో ఏరి తెచ్చిన జట్టు కాదు, ఒక ఊరి నుంచి మరొక ఊరికి తరలి వచ్చిన కుటుంబం. ఓడమ్ వెంట డిఫెన్సివ్ కోఆర్డినేటర్ మైక్ షెరర్, కొందరు యూఎన్‌ఎల్‌వీ ఆటగాళ్లు వచ్చిన మాట నిజమే కాబట్టి డిఫెన్స్‌లో కొంత పొందిక త్వరగా కుదరవచ్చు. ఆఫెన్స్ మాత్రం అలా కాదు. అక్కడ కోఆర్డినేటర్ జాష్ హెన్సన్ సదరన్ కాలిఫోర్నియా (యూఎస్‌సీ) నుంచి వచ్చారు, ఆటగాళ్లు నలుదిక్కుల నుంచి వచ్చారు. మొదటి నెలలో స్కోరు బోర్డుపై మన వైపు అంకెలు తక్కువగా కనిపిస్తే నేను ఆశ్చర్యపోను.

ఇక పెంచుకునే దారి. పర్డ్యూ గర్వంగా చెప్పుకునే ఇటీవలి రోజులన్నీ ఆ దారిలో వచ్చినవే. 2021లో రెండో ర్యాంకులో ఉన్న అయోవాను వాళ్ల మైదానంలోనే 24-7తో ఓడించినప్పుడు రిసీవర్ డేవిడ్ బెల్ 240 గజాల మేర బంతులు పట్టాడు. అతను ఇండియానాపొలిస్ పిల్లవాడు. ఆ జట్టు డిఫెన్స్‌కు ఆయువుపట్టయిన జార్జ్ కార్లాఫ్టిస్ స్టేడియానికి కూతవేటు దూరంలోని వెస్ట్ లాఫయెట్ హైస్కూలు నుంచే వచ్చాడు. 2018 అక్టోబరులో రెండో ర్యాంకు ఒహాయో స్టేట్‌ను 49-20తో మట్టి కరిపించిన రాత్రి నేను విద్యార్థుల గ్యాలరీకి ఎదురు వైపు కూర్చుని ఉన్నాను. నాలుగు గంటల పాటు నాకు గొంతు మిగలలేదు. ఆ రాత్రి మైదానమంతా పరిగెత్తిన రోండేల్ మూర్ హైస్కూలు నుంచి నేరుగా వచ్చినవాడే, కాలేజీలో మొదటి ఆట ఆడి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే రాస్-ఏడ్ నుంచి రోడ్డు దాటి మాకీ అరీనాలోకి వెళ్లాలి. మాట్ పెయింటర్ బాస్కెట్‌బాల్ జట్టును ప్రధానంగా హైస్కూలు పిల్లలతోనే కడతారు. పెద్ద పేరు లేకుండా వచ్చిన జాక్ ఈడీ నాలుగేళ్లు ఉండి 2024లో జట్టును ఫైనల్ దాకా తీసుకువెళ్లాడు. బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్, ట్రే కాఫ్‌మన్-రెన్ ముగ్గురూ కలిసి ఆడే నాలుగో సీజన్‌లో అడుగుపెడుతున్నారు. ఆ జట్టులో సదరన్ ఇల్లినాయ్ నుంచి వచ్చిన లాన్స్ జోన్స్ వంటి చేర్పులు అరుదు. ఒకే విశ్వవిద్యాలయం, ఒకే ఊరు, అదే చలి. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదని మావాళ్లు అడిగినప్పుడు నేను చెప్పే జవాబు ఒక్కటే. బాస్కెట్‌బాల్‌లో ఎనిమిది మందిని నిలుపుకుంటే చాలు, ఫుట్‌బాల్‌లో కనీసం నలభై మందిని నిలుపుకోవాలి.

నా దృష్టిలో తీర్పు చెప్పవలసిన అంశం సరిగ్గా ఇదే. ఆటగాడిని ఎక్కడి నుంచి తెచ్చామన్నది రెండో ప్రశ్న. వికసించిన ఆటగాడిని నిలుపుకోగలమా అన్నది మొదటి ప్రశ్న. డిల్లన్ థీనెమన్ కథ చూడండి. ఇండియానాలోని వెస్ట్‌ఫీల్డ్ వాడు, ఇద్దరు అన్నలూ పర్డ్యూకే ఆడారు. 2023లో మొదటి ఏడాదే ఆరు ఇంటర్‌సెప్షన్లు (ప్రత్యర్థి విసిరిన బంతిని పట్టేయడం), నూటికి పైగా ట్యాకిళ్లతో పర్డ్యూ ఆడే బిగ్ టెన్ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ ఫ్రెష్‌మన్‌గా నిలిచాడు. పెంచుకునే దారికి అంతకంటే మంచి ఫలితం ఉండదు. ఈ ఏడాది అతను ఆరెగాన్‌కు ఆడుతున్నాడు. కార్మెల్ నుంచి వచ్చిన విల్ హెల్ట్ క్లెమ్‌సన్‌కు వెళ్లాడు. గత ఏడాది 51 క్యాచ్‌లతో జట్టులో అందరికంటే ముందున్న టైట్ ఎండ్ మ్యాక్స్ క్లేర్ ఒహాయో స్టేట్‌కు వెళ్లాడు. ముగ్గురినీ మనమే హైస్కూలు నుంచి తెచ్చుకున్నాం, మనమే పెంచాం, కోతకు వచ్చేసరికి కొడవలి పట్టుకుని నిలబడినవారు వేరే. కంచె లేని తోటలో మొక్కలు నాటి, ఎరువు వేసి, కాయలు పెద్దవారింటికి పంపుతూ దానికి వ్యవసాయమని పేరు పెట్టుకోవడం ఎంతకాలం? 1-11 జట్టులో, కోచ్ పోయిన పూట, వెళ్లిన పిల్లలను నేను తప్పుపట్టను. వాళ్ల చోట నేనున్నా వెళ్లేవాడినే.

అందువల్ల కంచె లేనంతకాలం పెంచుకునే దారి ఎంత ధర్మమైనదైనా పర్డ్యూకు నష్టమే. ఆ కంచె డబ్బుతో కట్టేదని దాచిపెట్టి లాభం లేదు. ఆటగాళ్లకు చెల్లింపులపై నడిచిన హౌస్ కేసు ఒప్పందానికి 2025 జూన్‌లో కోర్టు ఆమోదం దొరికాక, జూలై 1 నుంచి విశ్వవిద్యాలయాలు తమ ఆటగాళ్లకు నేరుగా 2025-26లో 2.05 కోట్ల డాలర్ల వరకు పంచవచ్చు. ఆ గరిష్ఠ పరిమితి ఒహాయో స్టేట్‌కూ మనకూ ఒకటే. ఆటగాళ్ల పేరు, రూపం వాడుకున్నందుకు బయటి సంస్థలు చెల్లించే ఎన్‌ఐఎల్ ఒప్పందాలలో తేడా ఎటూ ఉంటుంది కానీ, మొట్టమొదటిసారి గట్టుకు ఇరువైపులా కాస్త సమానమైన నేల కనిపిస్తోంది. ఆ సొమ్ములో ఎక్కువ భాగాన్ని కొత్తవారిని రప్పించడానికి కాకుండా, ఈ సీజన్‌లో నిలదొక్కుకునే రెండో, మూడో ఏటి ఆటగాళ్లను డిసెంబరు తరువాత కూడా ఇక్కడే ఉంచడానికి ఖర్చు చేయాలన్నది నా కోరిక.

డబ్బు ఒక్కటే చాలదని ఓడమ్‌కు మనకంటే బాగా తెలుసు. గత సెప్టెంబరులో యూఎన్‌ఎల్‌వీ మూడు ఆటలకు మూడూ గెలిచి ఉండగా, తనకు చెప్పిన డబ్బు అందలేదన్న వివాదంతో క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్లూకా జట్టు వదిలాడు. ఆ స్థానంలోకి వచ్చిన హజ్-మాలిక్ విలియమ్స్ జట్టును కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా నడిపించాడు. ఇద్దరూ బదిలీ ఆటగాళ్లే. పోర్టల్ ఇచ్చే దెబ్బా, పోర్టల్ రాసే మందూ ఒకే నెలలో చూసిన కోచ్ ఆయన.

క్వార్టర్‌బ్యాక్ విషయంలోనూ ఇదే తూకం పనిచేస్తుంది. గత అక్టోబరులో ఇల్లినాయ్ మైదానంలో 27-3 వెనుకబడ్డ జట్టును ఓవర్‌టైమ్‌కు తీసుకువెళ్లి 50-49తో ఓడిన రోజున రయన్ బ్రౌన్ 297 గజాలు విసిరాడు, 118 గజాలు పరిగెత్తాడు. ఆ తరువాత నార్త్ కరోలైనాకు వెళ్లి, వసంతం పూర్తవకముందే తిరిగి వచ్చాడు. మలకై సింగిల్‌టన్ అర్కన్సా నుంచి వచ్చాడు. టెనెసీని ఓడించిన ఆటలో గెలుపు టచ్‌డౌన్ అతని కాళ్ల మీద వచ్చినదే. పరుగులో అతను గట్టివాడు. నేనైతే బ్రౌన్‌తోనే మొదలుపెడతాను. వెళ్లి చూసి, మళ్లీ ఇదే చోటు కావాలనుకున్నవాడు హడిల్‌లో నిలబడితే, కొత్తగా వచ్చిన పదిమందికి ఎవరూ ప్రసంగం చేయనక్కర్లేదు.

మూడో దారిగా, స్కాలర్‌షిప్ లేకుండా జట్టులో చేరే వాక్-ఆన్‌ల మాట కొందరు ఎత్తుతారు. ఎంతో ఓపికతో ఎదిగిన ఏడన్ ఓకానెల్, బూన్‌విల్ నుంచి వచ్చి మొదటి సీజన్‌లో 968 గజాలు పరిగెత్తిన డెవిన్ మాకోబీ ఇద్దరూ అలా వచ్చినవారే. మాకోబీ ఈ ఏడాదీ ఉన్నాడు, సంతోషం. కానీ జట్టుకు 105 మంది అన్న పరిమితి వచ్చాక ఆ ద్వారం ఇరుకైంది. అదృష్టాన్ని ప్రణాళికగా రాసుకోలేం.

మరి ఈ సీజన్ ఎలా ఉంటుంది? బాల్ స్టేట్, సదరన్ ఇల్లినాయ్‌లపై గెలవకపోతే ఈ వ్యాసానికే అర్థం లేదు. ఆ తరువాత యూఎస్‌సీ, సౌత్ బెండ్‌లో నోటర్ డామ్, ఇల్లినాయ్ వరుసగా వస్తాయి. అక్కడ మూడింటిలో ఒకటి గెలిస్తే నేను ఇంటి మీద జెండా ఎగరేస్తాను. నా ఆశ అంతా అక్టోబరు మీద ఉంది. మినెసోటా, గత ఏడాది ఓవర్‌టైమ్‌లో మనల్ని ఓడించిన నార్త్‌వెస్టర్న్, 25న రాస్-ఏడ్‌కు వచ్చే రట్‌గర్స్: అప్పటికి లైన్ ఏడు వారాలు కలిసి ఆడి ఉంటుంది. వాటిలో ఒకటి రావాలి, రెండు వస్తే ఎంతో. నవంబరులో మిషిగన్, ఒహాయో స్టేట్, వాషింగ్టన్, ఇండియానా ఉన్నాయి కాబట్టి అక్కడ లెక్కలు వేయను. మూడు గెలుపులు న్యాయమైన అంచనా, నాలుగైతే ఓడమ్ గొప్ప పని చేసినట్టే.

పోర్టల్ ఈ ఏటికి మందు. అది లేకుండా జట్టు మైదానంలోకి దిగేదే కాదు కనుక ఓడమ్‌ను నేను తప్పుపట్టను. కానీ వచ్చే ఏడాది కూడా యాభై మందిని తేవలసి వస్తే ఈ ఏడాది ఎన్ని గెలిచినా అది ఓటమి కిందే జమ కడతాను. అందుకే ఈసారి ఆటలు చూసేటప్పుడు స్కోరుతో పాటు మరొకటి రాసుకోబోతున్నాను: డిఫెన్స్‌లో ఎంతమంది ఫ్రెష్‌మెన్, సోఫొమోర్లు (మొదటి, రెండో ఏటివారు) మూడో క్వార్టర్‌లో కూడా మైదానంలో ఉన్నారు, వారిలో ఎందరి పేర్లు ఫిబ్రవరిలో ఇంకా మన జాబితాలో కనిపిస్తాయి.

నవంబర్ 8న మ్యాక్స్ క్లేర్ ఒహాయో స్టేట్ జెర్సీలో రాస్-ఏడ్‌కు వస్తాడు. చప్పట్లు కొట్టాలా, గోల చేయాలా అని మావాళ్లు ఇప్పటి నుంచే వాదించుకుంటున్నారు. నేను లేచి నిలబడి చప్పట్లు కొడతాను. బంతి అతని చేతికి వచ్చిన తరువాత మాత్రం గోల చేస్తాను.