కొత్త ఎడిటరుతో రెండేళ్లు: ఒక సమూహ వెబ్‌సైటు రచయిత అనుభవం

నేను వ్యాసాలు రాస్తూ, ఇతరులు రాసినవాటిని సరిచూస్తూ ఉండే ఒక సమూహ వెబ్‌సైటులో పాత రాతపెట్టె స్థానంలో కొత్త ఎడిటరు వచ్చి రెండేళ్లు దాటింది. వచ్చిన వారంలోనే అభిప్రాయం చెప్పమన్నారు గానీ, ఇలాంటివాటి గుణదోషాలు వందో వ్యాసం దగ్గర తప్ప తేలవని అప్పుడు ఊరుకున్నాను.

పాత పెట్టెలో మార్క్‌డౌన్ గుర్తులే, అంటే శీర్షిక, బోల్డ్ వంటివాటిని సూచించడానికి పాఠంలోనే టైపు చేసే చుక్కలూ గీతలే దిక్కు. ఈమెయిళ్లలో జనం మామూలుగా రాసుకునే తీరునే గుర్తులుగా మలచి 2004లో జాన్ గ్రూబర్ ప్రకటించిన ఆ పద్ధతి అలవాటైనవారికి హాయిగానే ఉంటుంది. కొత్తవారికి మాత్రం ఎంటర్ కొట్టినా వరుస ఎందుకు మారలేదో అర్థం కాదు. మారాలంటే వరుస చివర రెండు ఖాళీలు వదలాలని ఎవరో ఒకరు చెప్పాల్సిందే. పద్యం పెట్టిన ప్రతివారి నాలుగు పాదాలూ ఒకే వరుసలో కలిసిపోయేవి, వాటిని విడదీయడమే నా సరిచూపులో పెద్ద పనిగా ఉండేది. కొత్త ఎడిటరులో రాసింది రాసినట్టే కనిపిస్తుంది కాబట్టి ఆ బాధ పూర్తిగా తప్పింది. బొమ్మను లాగి వదలడం, పదాన్ని ఎంచుకొని దాని మీద లింకు అతికించడం వంటివి ఇప్పుడు ఎవరికీ నేర్పనక్కరలేదు.

అయితే నా లెక్కలో అసలైన మెరుగుదల బొత్తాల్లో లేదు, అతికింపులో ఉంది. చాలామంది వ్యాసాన్ని వర్డ్‌లో రాసుకొని తెచ్చి ఇక్కడ అతికిస్తారు. ఆ పాఠంతో పాటు ఫాంటు పేర్లు, రంగులు, అక్షర పరిమాణాలు కంటికి కనబడకుండా వెంట వస్తాయి. ప్రయోగ దశలో ఒకే వ్యాసంలో మూడు పరిమాణాల అక్షరాలు చూశాను. ఇప్పుడు ఎడిటరు శీర్షికలు, జాబితాలు, లింకులు, బోల్డ్ మాత్రమే ఉంచుకొని తక్కినదంతా వడగట్టేస్తోంది. మొదట్లో ఈ వడపోత మరీ శ్రద్ధగా పనిచేసి, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తును కూడా చెత్త కింద తీసేసేది. ఆ గుర్తు లేకపోతే 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అయి, వకారం టకారం కిందికి వత్తుగా దిగిపోతుంది. రచయిత సరిగానే రాశాడు, మేమేమో అతనికి అక్షరదోషాలు దిద్దుకోమని చెబుతూ వచ్చాము! కారణం కనిపెట్టి ఉదాహరణలతో రాశాక మూడు నెలలకు సరిచేశారు.

తెలుగు లాంటి భాషలకు ఎదురయ్యే మరో చిక్కు ఇంకా మిగిలే ఉంది. తెర మీద ఏమి కనిపించినా సైటు లోపల పాఠాన్ని మార్క్‌డౌన్‌గానే దాస్తుంది. కొటేషన్లలో ఉన్న ఒక పదాన్ని కొటేషన్లతో సహా బోల్డ్ చేసి, ఖాళీ వదలకుండా 'లో' అనో 'కి' అనో తగిలిస్తే, ప్రచురించాక బోల్డ్ పోయి బోల్డ్‌ను సూచించే రెండేసి చుక్కగుర్తులు (**) బయటపడతాయి. మార్క్‌డౌన్‌కు కచ్చితమైన నియమాలు ఏర్పరచడానికి 2014లో మొదలైన కామన్‌మార్క్ ప్రకారం, ముందు విరామచిహ్నం, వెనుక అక్షరం ఉన్న చుక్కల జతను ముగింపుగా లెక్కించరు. విభక్తిని విడిగా రాసే భాషలకు ఈ నియమం అడ్డు రాదు. మనకు మాత్రం ప్రతి పేజీలో తగులుతుంది. కొటేషన్లను బోల్డ్‌కు బయట ఉంచడమే ప్రస్తుతానికి నేను అందరికీ చెబుతున్న ఉపాయం. ఇటాలిక్ బొత్తాం సంగతి వేరు: తెలుగు ఫాంట్లలో చాలావాటికి వాలు రూపమే లేదు కనుక బ్రౌజరు నిలువు అక్షరాన్నే పక్కకు ఒరగదోసి చూపిస్తుంది. దాన్ని తీసేసినా నాకు అభ్యంతరం లేదు.

శీర్షిక నిడివికి పెట్టిన హద్దు కూడా అక్షరాలను మనం లెక్కించినట్టు లెక్కించదు. 'స్త్రీ' మనకు ఒక్క అక్షరం, యూనికోడ్‌కు ఆరు సంకేతాలు, ఆ సంకేతాలను కంప్యూటరులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఇంకా ఎన్ని మిగిలాయో పక్కనే అంకె చూపించడం మొదలుపెట్టాక ఫిర్యాదులు తగ్గాయి. చిత్తుప్రతి దానంతటదే భద్రం కావడం బాగుంది, ఒకే వ్యాసాన్ని రెండు ట్యాబుల్లో తెరవనంత వరకు. ఫోనులో పట్టికలు చేయడం గురించి చెప్పడానికేమీ లేదు. కంప్యూటరు దగ్గరికి వెళ్లడమే మేలు.

సరిచూసేవాడిగా నాకు మిగిలిన పెద్ద అసంతృప్తి మార్పుల చరిత్ర విషయంలో. ఎవరైనా దృశ్యరూపంలో (రాసింది రాసినట్టే కనిపించే తెరలో) ఒక్క అక్షరదోషం దిద్ది భద్రపరిస్తే, ఎడిటరు మొత్తం పాఠాన్ని తన పద్ధతిలో మళ్లీ రాసుకొని జాబితాల ముందున్న చుక్కగుర్తులన్నింటినీ అడ్డగీతలుగా మారుస్తుంది. చరిత్ర తెరిస్తే నలభై వరుసలు మారినట్టు కనిపిస్తాయి, వాటిలో నిజమైన మార్పు ఎక్కడుందో వెతుక్కోవాలి. వికీపీడియా విజువల్ ఎడిటర్ వెనుక పనిచేసే పార్సాయిడ్ అనే ప్రోగ్రాము, దిద్దిన భాగాన్ని మాత్రమే తిరిగి రాసి మిగిలిన మూలపాఠాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తుంది. అలాంటి ఏర్పాటు ఇక్కడా కావాలని రెండుసార్లు అడిగాము, ఇంకా రాలేదు. అందువల్ల కొత్తవారందరినీ దృశ్యరూపంలోనే రాయమని ప్రోత్సహిస్తూ, వారి వ్యాసాలు దిద్దేటప్పుడు మాత్రం నేను ఇప్పటికీ మార్క్‌డౌన్ గుర్తులతో ఉన్న మూలపాఠమే తెరుస్తున్నాను.