పాంగ్విచ్‌లో శనివారం రాత్రి: 214 డాలర్లు, ఒక పలుచని దుప్పటి

అమెరికాలో యూటా రాష్ట్రంలోని బ్రైస్ కాన్యన్ నేషనల్ పార్క్ చూడబోయే మనవాళ్లకి ముందే ఒక మాట. దారిలో పాంగ్విచ్ అనే చిన్న ఊరు తగులుతుంది. తప్పకుండా ఆగండి. శనివారం రాత్రి మాత్రం అక్కడ బస చెయ్యకండి. మేం చేశాం. 2024 సెప్టెంబర్ చివర్లో, టాక్సులతో కలిపి 214 డాలర్లు, క్యాన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదన్న షరతు మీద.

అసలు వెళ్లింది మా వియ్యంకుడిగారి కోసం. ఆయన అమెరికన్, 1950లో ఆ ఊళ్లోనే పుట్టారు. మా అమ్మాయి నేర్పిన పుణ్యాన నన్ను "బావగారూ" అనే పిలుస్తారు, నేనూ అంతే. సాల్ట్ లేక్ సిటీ నుంచి సుమారు 240 మైళ్లు, నాలుగు గంటలు. అల్లుడు కారు నడిపాడు, మా ఆవిడ నిద్రపోయింది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

ముందు ఆయన పుట్టిన ఇంట్లోనే ఉందామనుకున్నాం. ఎప్పుడో అమ్మేసిన ఆ ఇంటిని కొన్నవాళ్లు ఇప్పుడు యాత్రికులకి రోజుల లెక్కన అద్దెకిస్తున్నారు. రాత్రికి 260 డాలర్లు, రెండు రాత్రులకి తక్కువైతే ఇవ్వరు. బావగారు ఫోన్‌లో ఆ ఫొటోలు చూసి, "ఈ గదిలో మేం నలుగురం అన్నదమ్ములం పడుకునేవాళ్లం. మా నాన్న ఇల్లంతా కలిపినా అంత అద్దె ఎప్పుడూ చూసి ఉండడు" అన్నారు. నవ్వారు గానీ, ఆ తర్వాత చాలాసేపు ఎవరితోనూ మాట్లాడలేదు.

అలా మోటెల్ పాలబడ్డాం. రాత్రి తొమ్మిదిన్నరకి చేరేసరికి ఆఫీసు మూసేశారు. తలుపుకి అంటించిన కవర్లో తాళం ఉంది, కవరు మీద ఇంకెవరిదో పేరు. రెండు మంచాలన్నారు, ఒకటే ఉంది. హీటర్ ఆన్ చేస్తే టకటకమని చప్పుడు తప్ప వేడి లేదు. ఊరు సముద్ర మట్టానికి 6,600 అడుగుల ఎత్తున ఉంటుంది, సెప్టెంబర్ రాత్రయినా ఎముకలు కొరికే చలి. ఫోన్ చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ఇద్దరికీ కలిపి ఒక్క దుప్పటి, అదీ చేతిరుమాలంత పలుచన. మా ఆవిడ స్వెటర్ మీద చీర చుట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది. టీ చేసుకుందామంటే గదిలో కెటిల్ కూడా లేదు.

పొద్దున్నే బావగారు మమ్మల్ని ఊళ్లో ఉన్న 'బొంతల నడక' స్మారకం దగ్గరికి తీసుకెళ్లారు. 1864లో జెన్స్ నీల్సన్ అనే డెన్మార్క్ ఆయన వెంట మోర్మన్ అనే క్రైస్తవ శాఖ కుటుంబాలు ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. మొదటి చలికాలానికే పంట పోయి తిండికి కటకటలాడారు. పిండి కోసం ఏడుగురు మగవాళ్లు కొండ దాటి పరోవాన్ అనే ఊరికి బయల్దేరితే, దారిలో మంచు నడుముల్లోతు. బొంత పరిచి దాని మీద మోకరిల్లి ప్రార్థన చేస్తుంటే, బొంత ఉన్నచోట మంచులో దిగబడట్లేదని గమనించారట. ఇక ఒకదాని ముందు ఒకటి బొంతలు పరుచుకుంటూ నడిచి వెళ్లారు, పిండితో తిరిగొచ్చారు. కథంతా శ్రద్ధగా విని మా ఆవిడ, "అన్నయ్యగారూ, ఇన్ని బొంతలున్న ఊళ్లో మాకు ఒక్కటి కూడా దొరకలేదే!" అంది.

ఆదివారం కావడంతో ఊరు ఊరంతా చర్చిలో ఉంది. మేం తిరిగిన వీధుల్లో కిరాణా కొట్టు సహా అన్నీ మూసేసి ఉన్నాయి, తెరిచి ఉన్నది ఒక్క పెట్రోల్ బంకే. అక్కడి కాఫీ 2 డాలర్ల 19 సెంట్లు. ఆ రోజు దానికి పది డాలర్లయినా ఇచ్చేదాన్నని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

పాత వీధుల్లో ఎటు చూసినా ఎర్ర ఇటుకల ఇళ్లే. స్థానిక తెగలతో జరిగిన బ్లాక్ హాక్ యుద్ధం వల్ల 1866లో ఊరు ఖాళీ అయింది, 1871లో మళ్లీ వచ్చి కట్టుకున్నారు. ఇటుక బట్టీలో పనివాళ్లకి కూలిలో కొంత ఇటుకలుగానే ముట్టేదట, అందుకే కూలివాళ్లవి కూడా దిట్టమైన ఇళ్లు.

బావగారి ఇంటి ముందు సన్నని పంట కాలువ, దానికొక చెక్క తలుపు. లోపలికి వెళ్లడానికి లేదు కాబట్టి ఆయన కంచె దగ్గరే వంగి, తలుపు ఎలా ఎత్తేవారో గాల్లో చేత్తో చూపించారు. "వంతు రాత్రి రెండింటికి వస్తే రెండింటికే లేవాలి. కునుకు పట్టిందా, నీళ్లు పక్కవాడివి. మా నాన్న తిట్టేవాడు కాదు. పొద్దున అందరి ముందూ, నీకు బాగా నిద్ర పట్టిందా అని అడిగేవాడు." మాది కృష్ణా డెల్టా. మా నాన్న కూడా అర్ధరాత్రి పార భుజాన వేసుకుని వంతు నీళ్లకి వెళ్లినవాడే, నాకు ఇంకేం వివరించక్కర్లేకపోయింది.

నెలకో ఆదివారం రెండు పూటలు పస్తుండి, మిగిలిన ఆ డబ్బు పేదలకివ్వడం మోర్మన్ల ఆచారం. బావగారి చిన్నప్పుడు పన్నెండేళ్లు నిండిన మగపిల్లలు కవర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి వసూలు చేసేవారు. "ఖాళీ కడుపుతో వెళ్తే, చర్చికి రాని ఒక ముసలాయన ఇంట్లోంచి బేకన్ వాసన వచ్చేది" అన్నారు. ఆయన చిన్నతనంలోనే, 1951 నుంచి పక్క రాష్ట్రం నెవాడాలో అణుబాంబు పరీక్షలు జరిగాయి, ఆ దుమ్ము గాలికి ఇటే వచ్చేది. 1990 చట్టం కింద నష్టపరిహారం ఇచ్చిన ప్రాంతాల్లో ఈ ఊరున్న గార్‌ఫీల్డ్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కూడా ఉంది, అర్హులకి అప్పట్లో 50,000 డాలర్లు. వాళ్లమ్మగారు క్యాన్సర్‌తో పోయారు, డబ్బు ఆ తర్వాత వచ్చిందట. అప్పటిదాకా బ్రైస్‌కి ఎండెక్కిపోతుందని గొణుగుతున్న మా అల్లుడికి ఆ సంగతి అదే మొదటిసారి తెలియడం. మళ్లీ టైం మాట ఎత్తలేదు.

మధ్యాహ్నం భోజనం బావగారి చెల్లెలింట్లో. బేస్‌మెంట్‌లో నేల నుంచి కప్పు దాకా అరలు, వాటి నిండా గోధుమల డబ్బాలు, సీసాల్లో నిలవ చేసిన పీచ్ పళ్లు. ఏ కష్టమొచ్చినా ఇల్లు ఆగకూడదని దాచుకుంటారు. బల్ల మీదికి ఫ్యునరల్ పొటాటోస్ వచ్చాయి: బంగాళాదుంప తురుము, చీజ్, పైన కరకరలాడే కార్న్‌ఫ్లేక్స్. చావు ఇళ్లకి చర్చి ఆడవాళ్లు వండి తెచ్చే వంటకం కాబట్టి ఆ పేరు. మా ఆవిడ శాకాహారి, ఇందులో ఏముందని అడిగింది. ఆ తల్లి చెత్తబుట్టలోంచి సూప్ డబ్బా తీసి కళ్లజోడు పెట్టుకుని చదివింది. చికెన్. ఒక్క మాట అనకుండా లోపలికెళ్లి, మష్రూమ్ సూప్ వేసి ఇంకో చిన్న ట్రే పెట్టింది. ముప్పావుగంట మమ్మల్ని ఆకలితో కూర్చోబెట్టిందని ఆవిడ బాధ. వేడివేడిగా, పైపొర మాడీ మాడనట్టు, అంచులకి అంటుకున్న చీజ్‌తో సహా మా ఆవిడ గీక్కుని తింది. ఆ ఇంట్లో టీ, కాఫీలు నిషిద్ధం, అయినా మా ఆవిడ టీ ఊసే ఎత్తలేదు.

బ్రైస్ అక్కడికి ముప్పావుగంట లోపే. కారుకి 35 డాలర్లు తీసుకున్నారు, సాయంత్రం ఎండలో బ్రహ్మాండంగా ఉంది. ఇండియా నుంచి వచ్చే తల్లిదండ్రులు గమనించండి: 2026 నుంచి అమెరికాలో నివాసం లేనివాళ్లకి అక్కడ మనిషికి 100 డాలర్లు అదనం. పాంగ్విచ్‌కి శుక్రవారం చేరండి, బుక్ చేసేముందు హీటర్ పనిచేస్తుందా అని ఫోన్ చేసి అడగండి, ఆదివారానికి కావాల్సినవి ముందురోజే కొనుక్కోండి, కెటిల్ మీదే పట్టుకెళ్లండి. మోటెల్ వాళ్లు మూడు ఈమెయిళ్ల తర్వాత 40 డాలర్లు వెనక్కిచ్చారు, మిగతా దానికోసం బావగారు ఇప్పటికీ వాళ్లకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నారు.