థీసిస్ రాతకి వాట్సాప్ గ్రూపా, గూగుల్ డాక్సా: ఏది మేలు?

ప్రతి ఏడాదీ పీహెచ్‌డీ సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) ఓకే అయిన వారంలోపు మా జూనియర్లు చేసే మొదటి పని వాట్సాప్ గ్రూపు పెట్టడం, రెండో పని నన్ను అందులోకి లాగడం. మూడో పని ఉండదు. గుడ్ మార్నింగులు, పండగ శుభాకాంక్షలు, "ఫీజుకి ఆఖరు తేదీ ఎప్పుడండీ" అని నెలకి నాలుగుసార్లు ఒకే ప్రశ్న, అంతే. థీసిస్ మాత్రం ఎవరి గదిలో వాళ్లు, ఎవరి టెన్షన్‌తో వాళ్లు రాసుకుంటారు. మొన్న రాజమండ్రిలో ఒకమ్మాయి అడిగింది, "అన్నా, ఈ గ్రూపు తీసేసి అందరం గూగుల్ డాక్స్‌కి మారిపోతే మేలా?" అని. బస్సు వచ్చేసింది, జవాబు సగంలోనే ఆగిపోయింది.

నా మాట ముందే చెప్పేస్తాను. రాత డాక్స్‌లో ఉండాలి, కబురు వాట్సాప్‌లో ఉండాలి. రెండూ ఒకేచోట కలిపామా, ఇక చిక్కే.

నేను రాసింది 2011లో కోనసీమ రైతులు ప్రకటించిన క్రాప్ హాలిడే మీద, అంటే పంట వేయకుండా పొలాలు వదిలేసిన నిరసన మీద. మూడో చాప్టర్ ఫైలు గైడ్‌గారికి వాట్సాప్‌లో పంపాను, ఆయన ప్రింటు తీయించుకుని ఎర్ర పెన్నుతో ఓపిగ్గా దిద్దుతున్నారు, ఈలోగా నేను ఖాళీగా ఉండలేక అదే చాప్టర్‌ని రెండుసార్లు మార్చి మళ్లీ పంపాను, ఆ సంగతి ఆయన గమనించలేదు, ఆయన దిద్దుతున్నది మొదటి కాపీనా అని నేనూ అడగలేదు. దిద్దిన కాగితాలు చేతికొచ్చాక చూస్తే సగం తప్పులు నేను అప్పటికే తీసేసిన పేరాల్లోవి. తప్పు నాదే. ఒకే చాప్టర్‌కి మూడు ఫైళ్లు పంపితే ఎవరికైనా అంతే.

డాక్స్‌లో ఈ గొడవ రాదు, ఎందుకంటే ఫైలు ఒక్కటే, అందరూ దాని దగ్గరికే రావాలి. ఎవరికి చదివే హక్కు, ఎవరికి కామెంటు పెట్టే హక్కు, ఎవరికి మార్చే హక్కు అన్నది మనమే విడివిడిగా ఇవ్వొచ్చు. సజెస్టింగ్ మోడ్‌లో పెడితే గైడ్‌గారు కొట్టేసిన వాక్యం మనం ఒప్పుకునేదాకా అక్కడే గీతతో కనిపిస్తూ ఉంటుంది. వెర్షన్ హిస్టరీలో పాత ప్రతి మళ్లీ తీసుకోవచ్చు, ఏ వారం ఏం మారిందో కూడా తెలుస్తుంది. ఇక కామెంటు సరిగ్గా ఆ లైను పక్కనే ఉంటుంది. వాట్సాప్‌లో "47వ పేజీలో రెండో పేరా చూడు" అని మెసేజ్ వస్తే, ఏ ఫైల్లో 47వ పేజీ సార్ అని అడగడానికి మొహమాటం. ఒక్క జాగ్రత్త, థీసిస్ మొత్తం ఒకే డాక్యుమెంట్‌లో పెట్టకండి, పేజీలు పెరిగేకొద్దీ ఫోన్లో నత్తలా కదులుతుంది. చాప్టర్‌కొకటి చాలు.

అయితే మన గైడ్లలో చాలామంది డాక్స్ లింకు తెరవరు. "కాగితం తెచ్చివ్వవోయ్" అంటారు. వాదించకండి. ప్రింటివ్వండి, దిద్దాక ఆ పేజీలు ఫోటో తీయండి, ఒక్కో దిద్దుబాటునీ మీరే డాక్స్‌లో కామెంటుగా ఎక్కించండి. గంట పని, కానీ అలా ఎక్కిస్తున్నప్పుడే సార్ అసలు ఏం అడుగుతున్నారో నాకు అర్థమయ్యేది.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో మెలిక ఉంది. డీటీపీ సెంటర్లో అను ఫాంట్‌లో కొట్టించిన చాప్టర్‌ని డాక్స్‌లో పేస్ట్ చేస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి, ఎందుకంటే అది యూనికోడ్ (ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్లో అయినా ఒకేలా చదవగలిగే అక్షరాల పద్ధతి) కాదు. మొదటిరోజు నుంచీ యూనికోడ్‌లోనే రాయండి, వేళ్లు నొప్పెడితే ఫోన్లో గూగుల్ కీబోర్డు జీబోర్డుకి నోటితో చెప్పి తర్వాత దిద్దుకోండి.

ఇప్పుడు వాట్సాప్ వైపు కూడా మాట్లాడాలి, లేకపోతే అన్యాయం. లంక గ్రామాల్లో ఫీల్డ్ వర్క్ చేసినవాళ్లకి తెలుసు, పంటు (రేవు దాటించే పెద్ద పడవ) దిగి అవతలి గట్టు ఎక్కాక సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. అక్కడ డాక్స్ తెరుచుకోదు (ఆఫ్‌లైన్ అందుబాటు ముందే ఆన్ చేసుకుంటే తప్ప, అది ఎవరూ చేసుకోరు), వాయిస్ మెసేజ్ మాత్రం ఎలాగోలా వెళ్లిపోతుంది. ఆగస్టులో గోదావరికి వరదొచ్చి రెండ్రోజులు కరెంటు లేనప్పుడు నన్ను నిలబెట్టింది కూడా ఒక స్నేహితుడి వాయిస్ మెసేజే, "నాదీ రెండో చాప్టరే ఇంకా, కంగారు పడకు" అని. ఆ పని ఏ డాక్యుమెంటూ చెయ్యదు.

గ్రూపులో పెట్టకూడనివీ ఉన్నాయి. కౌలు రైతుల ఇంటర్వ్యూ రికార్డింగులు అస్సలు వద్దు. ఆంధ్రప్రదేశ్ 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుగా గుర్తించే కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పందం మీద సంతకం పెట్టాలి, అంటే ఆ యజమాని మీద కౌలుదారు చెప్పిన మాట ఊళ్లోకి పాకితే వచ్చే ఏడు పొలం దక్కకపోవచ్చు. పేర్లు తీసేసి, మీ ఒక్కరి దగ్గరే ఉంచుకోండి. అలాగే లిటరేచర్ రివ్యూ (ముందు వచ్చిన పరిశోధనల సమీక్ష) పూర్తి పాఠం నలభై మంది గ్రూపులో పడేస్తే ఎవరో ఒకరు ఎత్తుకుంటారు, వాళ్లు ముందు సబ్మిట్ చేస్తే మీదే కాపీ అవుతుంది. 2018 యూజీసీ నిబంధనల్లో వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం దాటితే అడుగుతారు, 60 దాటితే పీహెచ్‌డీ రిజిస్ట్రేషనే రద్దవుతుంది.

టెలిగ్రామ్ అంటారా, పెద్ద పీడీఎఫ్‌లు దాచుకోవడానికి, పాత ఫైలు వెతుక్కోవడానికి బాగుంటుంది. చర్చకి నాకు నచ్చలేదు. థీసిస్ గ్రూపని పేరున్న చోటల్లా "రాసిపెడతాం, ఇంత అవుతుంది" అనేవాళ్లు దూరిపోతారు.

రిఫరెన్సులు దాచుకునే సాఫ్ట్‌వేర్ జొటేరో గురించి మాత్రం ఎవరూ చెప్పరు, చెప్పాలి. అయిదుగురు కలిసి ఒక గ్రూపు లైబ్రరీ పెట్టుకుంటే ఒకరు దొరకబుచ్చుకున్న వ్యాసం అందరికీ కనిపిస్తుంది, డాక్స్‌లోకి రిఫరెన్సు నేరుగా వస్తుంది. ఉచితంగా 300 ఎంబీయే ఇస్తారు, కాబట్టి పీడీఎఫ్‌లు డ్రైవ్‌లో పెట్టి వివరాలు మాత్రమే ఇందులో ఉంచండి.

ఆ అమ్మాయికి తర్వాత ఫోన్ చేసి చెప్పాను: పెద్ద గ్రూపుని నోటీసులకి వదిలెయ్, నలుగురైదుగురితో చిన్నది పెట్టు, రోజూ రాత్రి 9కి గూగుల్ మీట్ తెరిచి మైకులు ఆపేసి ఎవరి చాప్టర్ వాళ్లు రాసుకోండి అని. ముగ్గురు, అంతకంటే ఎక్కువమంది ఉంటే ఉచిత కాల్ 60 నిమిషాలకే ఆగిపోతుంది, అదీ మంచిదే, గంట అయిందని గుర్తు. మొదటి వారం ఇద్దరే వచ్చారట. ఇప్పుడు అయిదుగురూ వస్తున్నారు, ఒకతను కెమెరా ముందు పూతరేకులు తింటూ కూర్చుంటాడని ఫిర్యాదు కూడా వచ్చింది.